మాటకు తీగ నిచ్చిన మహనీయుడు: అలెగ్జాండర్ గ్రాహం బెల్

మన కార్యాలయములలో నేడు ఇంచుమించు ప్రతి బల్లమీదను ఒక టెలిఫోను కలదు. అంకెల మీటల ప్రక్కగా స్పీకరు బొమ్మగల మీట యొకటి దానిపై నుండును. ఆ మీట నొక్కినంతనే, రిసీవరు ఎత్తకయే, అవతలివారి మాట గదియంతయు వినవచ్చును. చేతులు రెండును ఫైలుమీదనే యుండును. కలము ఆగదు, సంభాషణయు ఆగదు. ఇంటర్‌కమ్ అంకె నొక్కి ప్రక్క గదిలోని అధికారిని పలుకరించుటకును, నలుగురు ఒక బల్లచుట్టు కూర్చుండి ఎక్కడనో యున్న అయిదవవానితో సమాలోచన జరుపుటకును ఈ యేర్పాటు మిక్కిలి అనువైనది. ఉక్కునగరమైన భిలాయిలో నివసించు మనకు దీని విలువ మఱింత బాగుగా తెలియును. సెక్టర్ 6 లో ఏ వీధికి పోయినను షిఫ్టు పనికి వెళ్లువారి యిల్లు కనబడక మానదు. రోలింగు మిల్లు కంట్రోలు గదిలో మీటలపై చేతులుంచి, ఎఱ్ఱగా కాలిన ఉక్కుదిమ్మపై చూపు నిలిపి కూర్చున్నవానికి రిసీవరెత్తు తీరిక యుండదు. క్రేనుపై నున్నవానికిని అంతియే. అట్టిచోట మాటయే తానుగా వచ్చి చెవిని బడవలెను.

ఈ యంత్రమునకు మూలపురుషుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు బడిపిల్లలకు సైతము తెలిసినదే. ఆయన జీవితకథను ఆసాంతము చదివినవారు మాత్రము కొందరే. టెలిఫోను కనిపెట్టినవాడని లోకము ఆయనను కీర్తించినది. ఆయన మాత్రము తన వృత్తి బధిరులకు చదువు చెప్పుటయే యని చెప్పుకొనుటకు ఇష్టపడెడివాడు. వినికిడి లేని తల్లి ఒడిలో పెరిగి, వినికిడి లేని యువతిని పెండ్లాడి, వినలేనివారికి మాట నేర్పుటకై ధ్వనిని శోధించిన మనుజుడు, వినగలవారికి ఇంతటి సాధనము నిచ్చి పోవుట విధి విచిత్రము. ఆ కథను సంగ్రహముగా నివేదించుట యీ వ్యాసము నుద్దేశము.

బెల్ 1847వ సంవత్సరము మార్చి 3వ తేదీన స్కాట్లండు దేశములోని ఎడింబరో నగరమున జన్మించెను. ఆయన తాతయు, తండ్రియు ఉచ్చారణశాస్త్రములో పేరుమోసిన ఉపాధ్యాయులు. తండ్రి అలెగ్జాండర్ మెల్విల్ బెల్ ఒక వింత లిపిని కల్పించెను. ఏ ధ్వనిని పలుకునప్పుడు నాలుక, పెదవులు, కంఠము ఏయే స్థితులలో నుండునో ఆ లిపిలోని గుర్తులు చూపును. కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని అక్షరములను స్థానముల ననుసరించి విభజించి నేర్చుకొన్న తెలుగువారికి ఈ యాలోచన క్రొత్తగా తోచదు. ఏ భాషనైనను ఆ గుర్తులతో వ్రాయవచ్చుననియు, చెవితో వినకున్నను కంటితో చూచి పలుకవచ్చుననియు ఆయన విశ్వాసము.

తల్లి ఎలైజాకు బెల్ బాల్యముననే వినికిడి క్రమముగా తగ్గిపోయెను. అయినను ఆమె పియానో వాయించుటలో నేర్పరి. కుమారునకు తొలి సంగీతగురువు ఆమెయే. ఇతరులు ఆమె చెవిగొట్టములో గట్టిగా అరచి మాటలాడుచుండగా, బాలుడు మాత్రము తల్లి నుదుటికి దగ్గరగా నోరుంచి మెల్లని స్వరముతో మాటలాడెడివాడు. ఆ కంపము ఎముక ద్వారమున ఆమెకు తెలియుచుండెను. నలుగురు కూడినచోట ఆమె ప్రక్కన కూర్చుండి, వ్రేళ్లతో అక్షరములను గుర్తుపెట్టుచు, జరుగుచున్న సంభాషణ నంతయు ఆమెకు తెలియజేసెడివాడు. ధ్వని యనగా కంపమేనని గ్రంథములు చదువకమునుపే ఆ బాలునకు తల్లి నుదుటివలన బోధపడినది. చేతివ్రేళ్లును మాటలాడగలవని గూడ ఆ యింటనే అతడు తెలిసికొనెను. ఈ రెండవ పాఠమును పెద్దవాడైన పిదప అతడు ప్రక్కకు నెట్టివేసెను. ఆ సంగతి ముందు వివరింపబడును.

యౌవనమున అన్నతో గలసి అతడొక మాటలాడు బొమ్మతలను నిర్మించెను. తిత్తితో గాలి నూదినచో అది పసిపాప వలె అమ్మను పిలిచెడిదట. పెంపుడు కుక్క గొంతును, దవడను చేతులతో కదల్చి దానిచేత మాటలవంటి ధ్వనులు పలికించి యింటివారిని నవ్వించెను. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ధ్వనులను గూర్చి వ్రాసిన గ్రంథమును, ఆ భాష సరిగా రాకయే చదివి, అచ్చులను విద్యుత్తు ద్వారమున దూరమునకు పంపినట్లు అందులో నున్నదని పొరపడెను. ఆ గ్రంథకర్త అట్టి పని చేయనేలేదు. కాని సాధ్యమను నమ్మకము ఒకసారి మనస్సున నాటుకొన్నపిమ్మట బెల్ దానిని విడువలేదు.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగులు పడినవి. క్షయవ్యాధితో 1867లో తమ్ముడు ఎడ్వర్డును, 1870లో అన్న మెల్విల్లును మరణించిరి. మిగిలిన యొక్క కుమారునైనను దక్కించుకొనవలెనని తల్లిదండ్రులు అదే సంవత్సరము స్వదేశమును విడిచి కెనడా చేరి, ఆంటారియోలోని బ్రాంట్‌ఫర్డు పట్టణమున స్థిరపడిరి. అక్కడి గాలికి బెల్ కోలుకొని, 1871లో అమెరికాలోని బోస్టను నగరమునకు పోయి బధిర బాలుర పాఠశాలలో తండ్రిగారి పద్ధతిని బోధింప నారంభించెను. రెండేండ్లలో బోస్టను విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. శిష్యురాండ్రలో మేబెల్ హబ్బర్డు అను యువతి యొకతె. అయిదేండ్ల ప్రాయమున వచ్చిన విషజ్వరమువలన ఆమె వినికిడిని పూర్తిగా కోల్పోయినది. పెదవుల కదలికను జూచి మాటలు గ్రహించుటలో ఆమె కడు సమర్థురాలు. గురువునకు ఆమెపై ననురాగము కలిగెను. ఆమె తండ్రి గార్డినర్ హబ్బర్డును, మఱియొక శిష్యుని తండ్రి థామస్ శాండర్సును బెల్ పరిశోధనలకు ధనసహాయము చేసిరి.

ఆ రోజులలో ఒక టెలిగ్రాఫు తీగపై ఒకేసారి అనేక వార్తలను పంపుట యెట్లని పలువురు యోచించుచుండిరి. బెల్ వేర్వేరు స్వరములు పలుకు లోహపు రేకుల సాయముతో దీనిని సాధింప బూనెను. పగలు బోధన, రాత్రి పరిశోధన. యంత్రములు చేసియిచ్చుటకు థామస్ వాట్సను అను నిపుణుడైన యువకుడు తోడయ్యెను. ధ్వని మన కర్ణభేరిని ఎట్లు కదలించునో తెలిసికొనుటకు 1874లో బెల్ ఒక మృతుని చెవిని సంపాదించి, దానికి గడ్డిపరకను తగిలించి, మసిబూసిన గాజుపై ఆ కదలికలను గీయించెను. పలుచని పొర యొకటి చిన్న ఎముకలను కదలింపగలిగినప్పుడు, ఇనుపరేకును మాత్రము ఏల కదలింపలేదు? ఈ ప్రశ్నలోనే టెలిఫోను దాగియున్నది.

1875 జూన్ 2వ తేదీన ఒక గదిలో వాట్సను అంటుకొనిపోయిన రేకును చేతితో మీటగా, రెండవ గదిలో బెల్ చెవికి ఆ మీటిన ధ్వని వినబడెను. టెలిగ్రాఫువలె ఆగి ఆగి పోవు విద్యుత్తు గాక, ధ్వనితరంగము ననుసరించి హెచ్చుచు తగ్గుచు నుండు విద్యుత్తు తీగపై ప్రవహించినదని బెల్ క్షణమాత్రమున గ్రహించెను. 1876 ఫిబ్రవరి 14న ఆయన పక్షమున పేటెంటు దరఖాస్తు దాఖలయ్యెను. అదే దినమున ఎలైషా గ్రే అను మఱియొక పరిశోధకుడును తన యాలోచనను తెలుపుచు అదే కార్యాలయమున కాగితము దాఖలు చేసెను. మార్చి 7న బెల్‌కు 174465 సంఖ్యగల పేటెంటు లభించినది. మూడు దినముల పిదప, మార్చి 10న, బోస్టనులోని ఒక యింటిలో బెల్ యంత్రములో మాటలాడి వాట్సనును తన వద్దకు రమ్మని పిలిచెను. వేఱొక గదిలో నున్న వాట్సను ఆ పిలుపును స్పష్టముగా విని పరుగెత్తుకొని వచ్చెను. నేటి కార్యాలయపు భాషలో చెప్పవలసినచో టెలిఫోనుపై పోయిన మొదటి మాట ఇంటర్‌కమ్ పిలుపే యైనది. ఒక గదిలోని వాడు పని పడి ప్రక్క గదిలోని సహచరుని పిలిచెను. ప్రపంచమంతటను నేటికిని దినదినము జరుగుచున్న దదియే.

ఆ సంవత్సరము జూన్ నెలలో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున బ్రెజిలు చక్రవర్తి రెండవ పెడ్రో యంత్రమును చెవికి ఆనించుకొని విని ఆశ్చర్యచకితుడయ్యెను. 1877 ఫిబ్రవరి 12న సేలం పట్టణమున జరిగిన సభ మన విషయమునకు మఱింత ముఖ్యమైనది. బెల్ సభామందిరమున వేదికపై ఒక పెట్టెవంటి యంత్రము నుంచి ఉపన్యసించుచుండగా, బోస్టనులో నున్న వాట్సను తీగ రెండవ కొననుండి గట్టిగా మాటలాడుచు, పాటలు పాడుచు నుండెను. సభలోని జనులు చేత నేమియు పట్టుకొనకయే ఆ స్వరమును వినిరి. చేయి తగులని టెలిఫోను క్రొత్తది కాదనియు, శైశవముననే ఆ లక్షణము దానికి కలదనియు దీనివలన తెలియుచున్నది. కాని ధ్వనిని పెంచు సాధనములు నాడు లేవు. దూరము పెరిగినకొలది మాట బలహీనమగుచుండుటచే యంత్రమును చెవికి హత్తించుకొనుట తప్పలేదు. అట్లు మొదలైన చేతిశ్రమ డెబ్బదియైదేండ్లకు పైగా సాగినది.

1877 జూలై 9న బెల్ టెలిఫోను కంపెనీ స్థాపితమయ్యెను. రెండు దినముల తరువాత బెల్, మేబెల్‌లకు వివాహమయ్యెను. పెండ్లికానుకగా, పది వాటాలు మాత్రము తనకుంచుకొని, కంపెనీలోని తన వాటాల నన్నిటిని ఆయన భార్య పేర వ్రాసియిచ్చెను. ఆ వాటాలకు యజమానురాలైన ఇల్లాలు మాత్రము భర్త కనిపెట్టిన యంత్రములో భర్త గొంతును ఒక్కసారియైనను వినలేదు. ఇంతకంటె కరుణమైన విశేషము ఈ చరిత్రలో లేదు.

కీర్తితోపాటు వ్యాజ్యములును వచ్చినవి. పేటెంటును గూర్చి వందల దావాలు నడచి, తుదకు 1888లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము బెల్ హక్కును స్థిరపరచెను. అయినను గ్రే అభిమానుల సందేహములు తీరలేదు. ఇటలీనుండి వలసవచ్చి పేదరికమున మరణించిన ఆంటోనియో మ్యూచీ కృషిని గౌరవించుచు 2002లో అమెరికా ప్రతినిధుల సభ తీర్మానము చేసినది. ఏ గొప్ప యంత్రమైనను ఒక్కని మేధస్సునుండి పుట్టదనుట న్యాయము. మాటను తీగపై పంపుటకు పలువురు దారి వెదకిరి; లోకము వాడుకొనదగినదిగా దానిని నిలిపినవాడు బెల్.

ముప్పదియవ యేటనే సంపన్నుడైన బెల్ సుఖముగా కూర్చుండలేదు. 1880లో వెలుతురు కిరణముపై మాటను పంపు ఫోటోఫోనును నిర్మించి, టెలిఫోనుకంటె దీనినే గొప్పదిగా భావించెను. నేడు గాజుతీగలలో కాంతిరూపమున మన మాటలు పోవుట చూచినచో ఆయన దూరదృష్టి అవగతమగును. 1881లో హంతకుని గుండు తగిలిన అధ్యక్షుడు గార్‌ఫీల్డు దేహమున ఆ గుండెక్కడ నున్నదో కనిపెట్టుటకు విద్యుద్యంత్రమును కల్పించెను గాని, పరుపులోని ఉక్కు స్ప్రింగులు దానిని తికమక పెట్టుటచేతను, వైద్యులు ఒక ప్రక్కనే వెదకనిచ్చుటచేతను ఫలితము దక్కలేదు. అదే యేట తన పసికుమారుడు ఊపిరి యాడక మరణింపగా, ఆ శోకములోనే శ్వాసక్రియకు తోడ్పడు పెట్టె నొకదానిని కల్పించెను. చూపును, వినికిడియు లేని హెలెన్ కెల్లరు అను బాలికను తండ్రి 1886లో తన వద్దకు తీసికొనిరాగా, ఆమెకు తగిన పాఠశాలను చూపి, గురువు లభించుటకు మార్గదర్శియయ్యెను. ఆమె 1903లో ప్రకటించిన ఆత్మకథను బెల్‌కే అంకితమిచ్చినది.

ఇక చేదైన సంగతి యొకటి చెప్పకతప్పదు. బధిరులు పెదవులు చూచి గ్రహించి, నోటితోనే మాటలాడవలెననియు, చేసైగల భాష వారిని లోకమునుండి వేరుచేయుననియు బెల్ గాఢముగా నమ్మెను. 1883లో శాస్త్రజ్ఞుల సభకు సమర్పించిన వ్యాసమున, బధిరులు బధిరులనే పెండ్లాడుచుండినచో వినికిడి లేని జాతి యొకటి ఏర్పడునని భయమును వెలిబుచ్చెను. అట్టి వివాహములను చట్టముచే నిషేధించుట మేలని ఆయన తలపలేదు. కాని వారికి వేఱుగా వసతి బడులుండుటను, సైగల భాషతో బోధించుటను, బధిరులే ఉపాధ్యాయులగుటను తగ్గింపవలెనని వాదించెను. 1880లో మిలాన్ నగరమున జరిగిన ఉపాధ్యాయుల మహాసభ అప్పటికే నోటిమాట పద్ధతినే శ్రేష్ఠమని తీర్మానించి యుండెను. బెల్ కీర్తి ఆ పక్షమునకు బలము చేకూర్చినది. తత్ఫలితముగా ఎన్నో దేశములలో పలుతరముల బధిర బాలలు తమకు సహజమైన చేతిభాషకు దూరమై, సైగచేసినందుకు దండన లనుభవించిరి. 2010లో వాంకూవరు మహాసభ మిలాన్ తీర్మానములకు విచారమును ప్రకటించినది. మేలు చేయవలెనను తలంపుతోనే ఆయన యీ మార్గము పట్టెననుట సత్యము. ఆ మేలు ఎవరికి కావలెనో వారి నడుగకుండుట ఆయన లోపము. తల్లి చేతిలో వ్రేళ్లతో అక్షరములు పలికిన బాలుడు ఈ విషయమును మఱచుట మనకు దుఃఖము కలిగించును.

తుదిదినములలో ఆయన కెనడాలోని నోవాస్కోషియాయందు బడెక్ సమీపమున నిర్మించుకొన్న గృహమున ఎక్కువ కాలము గడపెను. ఆయన నాయకత్వమున పనిచేసిన యువకులు రూపొందించిన విమానము 1909 ఫిబ్రవరి 23న అక్కడి గడ్డకట్టిన సరస్సుమీదుగా ఎగిరెను. 1915 జనవరి 25న న్యూయార్కునుండి బెల్ మాటలాడగా శాన్‌ఫ్రాన్సిస్కోలో వాట్సను వినెను. ఒకప్పుడు ప్రక్క గదినుండి పిలిపించుకొన్న మిత్రుడు ఇప్పుడు ఖండమునకు ఆవలి యొడ్డున నుండెను. ఇంతచేసిన మహాశయుడు తాను చదువుకొను గదిలో మాత్రము టెలిఫోనును ఉంచనీయలేదు. ఏకాగ్రతకు భంగము కలుగునని ఆయన భావము. మధుమేహముచే 1922 ఆగస్టు 2న బెల్ పరమపదించెను. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికా ఖండమున టెలిఫోనులన్నియు ఒక నిమిషము మూగవోయినవి. మేబెల్ అయిదు నెలలకే, 1923 జనవరి 3న, భర్తను అనుసరించెను.

మన దేశమునకు టెలిఫోను ఆయన జీవితకాలముననే వచ్చినది. 1882 జనవరి 28న కలకత్తాలో ఎక్స్ఛేంజి ప్రారంభమయ్యెను. చేయి తగులని టెలిఫోను కార్యాలయములకు వచ్చుటకు మాత్రము 1950 దశాబ్దము వఱకు ఆగవలసివచ్చెను. అందలి చిక్కు సులభముగా గ్రహింపవచ్చును. స్పీకరునుండి వెలువడిన ధ్వని ప్రక్కనే యున్న మైకులో మరల ప్రవేశించి, అవతలివానికి తన మాటయే ప్రతిధ్వనిగా వినబడును. హెచ్చినచో మన సభలలో మైకు కూసినట్లు కూయును. తొలి యంత్రములు ఒకరి మాట పోవునప్పుడు రెండవవారి మార్గమును తగ్గించి ఈ చిక్కును దాటినవి. అందుచేతనే అట్టి వానిలో ఇద్దరొకేసారి మాటలాడినచో మాటలు తెగిపోవును. ప్రతిధ్వనిని లెక్కకట్టి తీసివేయు పద్ధతిని 1960 దశాబ్దమున రూపొందించినవారిలో బెల్ పేరిట వెలసిన ప్రయోగశాలలో పనిచేసిన మన్ మోహన్ సోంధీ యొకరు. ఆయన మన దేశమున జన్మించినవారు. ఇట్లు బెల్ మొదలిడిన పనికి భారతీయుని చేయియు తోడైనది.

ఈ జీవితమునుండి మన నిత్యకృత్యమునకు ఉపకరించు పాఠములు లేకపోలేదు. స్పీకరు మీట నొక్కునప్పుడు అవతలివాని మాట గదిలోని వారందరి సొత్తగును. అతడు మనకొక్కరికే చెప్పుచున్నాననుకొనును. కావున మీట నొక్కకమునుపే గదిలో నెవరెవరున్నారో అతనికి తెలుపుట కనీస మర్యాద. జీతము, జబ్బు, పిల్లల పెండ్లి వంటి స్వవిషయములు వచ్చినంతనే రిసీవరెత్తుట ఉచితము. మైకు ప్రక్కన కాగితములు త్రిప్పినచో అవతల చెవికి అది పెద్దచప్పుడు. తలపై పంకా వేగముగా తిరుగుచుండినచో యంత్రమును దగ్గరకు జరుపుకొనుట మేలు. ఒకరు ముగించిన పిదప వేఱొకరు మాటలాడుట యంత్రమునకును, సభ్యతకును తగినది.

చేతికి బలహీనతగల ఉద్యోగికి ఈ మీట గొప్ప వరము. వినికిడి తగ్గిన ఉద్యోగికి మాత్రము గదిలో మారుమ్రోగు మాట మఱింత తికమక. అట్టి సహోద్యోగి సమావేశములో నున్నప్పుడు ముఖ్యాంశములను కాగితముపై వ్రాసి ముందుంచుట మన ధర్మము. ఢిల్లీలో 2015లో భారతీయ సంజ్ఞాభాషకు ప్రత్యేక పరిశోధన, శిక్షణ కేంద్రము స్థాపితమైనది. నేడు జేబులోని ఫోను తెరపై బధిరులు ఒకరినొకరు చూచుకొనుచు చేతులతో తనివితీర సంభాషించుచున్నారు. బెల్ ప్రారంభించిన యంత్రము వినగలవారి చేతులకు విశ్రాంతి నిచ్చినది. దాని సంతతియే వినలేనివారి చేతులకు మాట నిచ్చినది. నుదుటిపై నోరుంచి తల్లితో మాటలాడిన ఆ బాలుడు బ్రతికియుండినచో, ఈ రెండవ దృశ్యమును జూచి తన యభిప్రాయమును మార్చుకొనెడివాడేమో. ఆయన పట్ల మనకు గల గౌరవమును చూపుటకు, మన గదిలో వినలేక మౌనముగా కూర్చున్నవారెవరో గమనించుటకంటె మంచి మార్గము లేదు.